చెవులున్న వాల్వు

పోయినవారం మనం కళ్ళజోళ్ళాయన్ని వంటింట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. ఒక చేతిలో అత్తగారిచ్చిన పాత రేడియో వాల్వుల పెట్టె, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు, ఎదురుగా బల్లమీద వెనక మూత ఊడదీసిన గిటారు ఆంప్లిఫయరు, మొహంలో లోకాన్ని బాగుచేసేయబోతున్నవాడి వెలుగు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆయన వారమంతా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు, శనివారం సాయంత్రాలు ఓడరేవు పక్కనున్న హోటల్లో గిటారు వాయిస్తాడు. పాడేది ఆయన భార్య. డ్రమ్ములు వాయించేది ఆవిడ తమ్ముడు, వృత్తిరీత్యా ఫ్రిజ్జుల మెకానిక్కు. అంతే బ్యాండు. ఇంతలో ఆ హోటలుకి కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చే శనివారం స్వయంగా కూర్చుని వింటాడట. నచ్చితే ఉంచుతాడు, నచ్చకపోతే సాగనంపేస్తాడు. ఈ కబురు మోసుకొచ్చిన బావమరిది టీ తాగి, కప్పు కింద పెడుతూ, "బావా, నీ గిటారు మోత ఈమధ్య డబ్బాలో కందిరీగ పడ్డట్టుంది. ఏదో ఒకటి చూడు" అని ఒక మాట విసిరేసి చక్కా పోయాడు.

ఇంకెవరైనా అయితే కాసేపు గోళ్ళు కొరుక్కుని, ఇంకాస్త సాధన చేద్దాం అనుకునేవాళ్ళు. కళ్ళజోళ్ళాయనకి తెలిసిన వైద్యం ఒక్కటే: గాజు మార్చడం. మసగ్గా ఉందని ఎవరైనా వస్తే గాజు మారుస్తాడు. మళ్ళీ వస్తే మళ్ళీ మారుస్తాడు. లోపం మీ కంట్లోనే ఉంది, ఏ గాజూ దాన్ని పూర్తిగా దిద్దలేదు అని మొహం మీద చెప్పి మనిషిని నొప్పించడం ఆయనకి ఇన్నేళ్ళలో చేతకాలేదు. అలాంటి మనిషికి వాల్వులు దొరికితే ఇంకేముంది! అవీ గాజువే.

ఆ ఆంప్లిఫయరు ఓ బూడిదరంగు ఇనప పెట్టె. లోపల పెద్ద వాల్వులు రెండు, చిన్నవి నాలుగు బారుగా నిలబడి ఉంటాయి, వేడెక్కితే నారింజరంగులో వెలుగుతాయి. పెద్దవి బలాన్నిస్తాయి, చిన్నవి గొంతునిస్తాయి. అందులోనూ గిటారు నుంచి వచ్చే శబ్దం ముందుగా వెళ్ళి తలుపు తట్టేది మొదటి సాకెట్టులో ఉన్న చిన్న వాల్వుని. దాని స్వభావం ఎలాంటిదో మొత్తం పెట్టె గొంతు అలాంటిది. ఈపాటి సంగతి ఆయన ఎక్కడో చదివాడు. చదివినప్పటినుంచీ కాలు నిలవలేదు.

మార్చడం పెద్ద విద్యేం కాదు. స్విచ్చి ఆపాలి, ప్లగ్గు పీకాలి, గాజు చల్లారేదాకా ఆగాలి, గుడ్డతో పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ కదుపుతూ పైకి లాగాలి, కొత్తదాని కాళ్ళు కన్నాలకి సరిపోయాయో లేదో చూసి దించాలి. అన్నీ చేశాడు, ఆగడం తప్ప. ఫలితంగా బొటనవేలూ చూపుడువేలూ కాల్చుకుని, వాటిని చల్లటి నీళ్ళ గ్లాసులో ముంచి నిలబడ్డాడు.

బల్లకి అవతలి చివర అత్తగారు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ భర్తతో కలిసి ఒకప్పుడు రేడియో రిపేరు దుకాణం నడిపింది. దుకాణం పోయినా నోరు మిగిలింది.

"అల్లుడూ, అది ఆంప్లిఫయరు. వేపుడు కాదు, వేడివేడిగా తియ్యడానికి" అంది కత్తి ఆపకుండా.

"తెలుసత్తయ్యా" అన్నాడు ఆయన గ్లాసులోంచి వేళ్ళు తీసి.

స్పీకరు డబ్బాని మాత్రం ముందుగదిలో పెట్టాల్సి వచ్చింది. వంటింట్లో ఆ మోత పెడితే ఊరుకునేది లేదని భార్య కచ్చితంగా చెప్పేసింది. పుట్టింటికి వెళ్ళిపోతానని బెదిరిద్దామంటే ఆ పుట్టిల్లు వంటింట్లోనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. అందుకని ఆంప్లిఫయరు వంటింటి బల్లమీదా, స్పీకరు ముందుగదిలో సోఫా పక్కనా, మధ్య నడవా పొడుగునా తీగలూ. ఆయన ఒక వాల్వు పెడతాడు, నడవాలో పరుగున వెళ్ళి గిటారు మీటుతాడు, మళ్ళీ వంటింట్లోకి పరుగున వస్తాడు. సోఫాలో భార్యని కూర్చోబెట్టి చెవుల పరీక్ష మొదలుపెట్టాడు, అచ్చం దుకాణంలో లాగానే.

"ఇది విన్నావుగా? సరే. ఇప్పుడు ఇది. మొదటిది బావుందా, రెండోది బావుందా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయండీ."

"తొందరపడకు. కళ్ళు మూసుకుని విను. ఇదా? లేకపోతే ఇదా?"

"రెండోది" అంది ఆవిడ, ఎలాగోలా బయటపడదామని.

"నేనింకా మార్చనే లేదోయ్!"

ఆవిడ చెంపలేసుకుని, ఈసారి నిజంగా కళ్ళు మూసుకుంది. పోస్టాఫీసు కౌంటరులో వారమంతా జనం గోల వినే మనిషికి ఆదివారం మధ్యాహ్నం ఇలా గడుస్తోంది. ఇంకొకత్తె అయితే గిటారు తీగలు తెంపేసేది. ఈవిడ మాత్రం ఆయన మొహంలో సంబరం చూసి ఊరుకుంది.

చివరికి పెట్టె అడుగున ఓ వాల్వు దొరికింది. పొట్టిగా, గాజుమీద అక్షరాలన్నీ చెరిగిపోయి, అనాథలా ఉంది. దాన్ని మొదటి సాకెట్టులో దించి, ముందుగదికి పరుగెత్తి, తీగ మీటాడు. అబ్బ! శబ్దం గుండ్రంగా వచ్చి, ఆగిపోయాక కూడా చివర గాజు గిన్నె అంచుమీద చెంచాతో తట్టినట్టు సన్నగా గణగణమంది. ప్రతి తీగకీ ఆ మెరుపే. గిటారుకి ప్రాణం వచ్చి కూర్చుందనుకున్నాడు. ఏనుగెక్కినంత సంబరంతో వంటింట్లోకి వచ్చాడు.

"అత్తయ్యా, విన్నారా? బంగారం! మీ పెట్టెలో బంగారం దాచుకున్నారు!"

అత్తగారు కత్తి పక్కన పెట్టి, బల్లమీద వేలితో టక్కుమని ఒకసారి తట్టింది. ముందుగదిలోంచి 'టింగ్' అని వినిపించింది. ఆవిడ మొహంలో ఓ చిన్న నవ్వు వచ్చి మాయమైంది.

"మొదటిదాంట్లోనే పెట్టావా?"

"మొదటిదాంట్లోనే."

"మంచిది. ఉంచు. తియ్యకు" అని మళ్ళీ కత్తి అందుకుంది.

ఆ నవ్వేమిటో ఆయన అడగలేదు. అడిగేంత తీరిక ఎక్కడిది?

అదే సమయానికి బావమరిది దిగాడు. గుమ్మంలోనే పట్టుకుని, కూర్చోబెట్టి, ఒక పాటంతా వినిపించాడు కళ్ళజోళ్ళాయన. బావమరిది తల ఊపాడు. అది ఎటు ఊపాడో చెప్పడం కష్టం.

"ఎలా ఉంది?"

"డబ్బా... డబ్బా మాత్రం చాలా బాగుంది బావా" అన్నాడు నీళ్ళు నములుతూ. వెంటనే దాహం వేసిందంటూ వంటింట్లోకి జారుకున్నాడు. ఆ వెనకే, గ్లాసు ఎక్కడుందో వాడికి తెలీదంటూ అక్కగారూ వెళ్ళింది. అవి అత్తగారు తనతో తెచ్చుకున్న గ్లాసులే, పుట్టినప్పటినుంచీ వాటిల్లోనే తాగుతున్నాడు వాడు.

కళ్ళజోళ్ళాయన ఏమీ అనుమానించలేదు. కొత్త వాల్వు నిశ్శబ్దంలో ఎలా ఉంటుందో, బుస్సుమని మోత ఏమైనా ఉందో చూద్దామని గిటారుమీద శబ్దం మీట పూర్తిగా తగ్గించేసి, స్పీకరు డబ్బా దగ్గర చెవి పెట్టి కూర్చున్నాడు.

టింగ్. టింగ్. టింగ్.

గిటారు మూగగా ఒళ్ళో పడుకుని ఉంది. మరి ఈ మోతేమిటి? కాసేపు విన్నాడు. అది ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి చప్పుడు! బల్లమీద పడ్డ ప్రతి దెబ్బా డబ్బాలోంచి మోగుతోంది. ఆయన విస్తుపోయాడు. అలాంటి వాల్వులు ఉంటాయని కూడా చదివాడు పాపం. లోపలి రేకులు వదులైపోయి, తట్టితే మోగి, దగ్గర్లో మాట్లాడితే ఆ మాటనీ పట్టుకుంటాయని. అయితే ఆ పేజీ తొందరగా తిప్పేశాడు. స్పీకరు పక్కనే ఉండి ఉంటే ఈపాటికి ఆ వాల్వు కీచుమని అరిచి గుట్టు బయటపెట్టేది. దూరంగా ఉండబట్టి ఇంతసేపు బంగారమై కూర్చుంది.

లేచి వెళ్దామనుకుంటూ ఉండగా డబ్బాలోంచి అత్తగారి గొంతు వచ్చింది, బావిలోంచి వచ్చినట్టు.

"ఇలా దగ్గరకి రండర్రా. అంత దూరంగా నిలబడి మాట్లాడుకుంటే ఆయనకి వినపడుతుంది. ఇదిగో, ఇక్కడికి. ఇంకా వంగండి."

వాళ్ళు వంగారు. ఎక్కడికి వంగారయ్యా అంటే, సరిగ్గా ఆ పొట్టి వాల్వు నెత్తిన. మామూలుగా మాట్లాడుకుని ఉంటే ముందుగదిలో ఒక్క ముక్కా తెలిసేది కాదు. జాగ్రత్తపడి చెవులు కొరుక్కున్నారు కాబట్టి ప్రతి ముక్కా తెలిసింది.

"నువ్వే చెప్పక్కా."

"నేనా? కందిరీగ అన్నది నువ్వు. నువ్వే చెప్పు."

"కందిరీగ అంటే అర్థం చేసుకుంటాడనుకున్నా. డబ్బా మీదకి తోసేసి వాల్వులు మారుస్తాడని కలగన్నానా?"

"ఇన్నాళ్ళూ ఆగి, ఇప్పుడు చెప్తే మనిషి కుంగిపోతాడురా."

"చెప్పకపోతే శనివారం మనం ముగ్గురం కుంగిపోతాం. బావ చేతులు పాటకంటే ముందు పరిగెడతాయక్కా! నువ్వు పల్లవిలో ఉంటే ఆయన చరణంలో ఉంటాడు. నేను డ్రమ్ములు వాయిస్తున్నానా, బస్సు వెనక పరిగెడుతున్నానా తెలీడం లేదు. ఆ కొత్త మేనేజరు చెవిటివాడు కాదుగా."

కళ్ళజోళ్ళాయనకి మొహంమీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది. చెవి తీసేద్దామనుకున్నాడు. తియ్యలేదు. మీరైనా తియ్యరు.

"మరి మనం చేసింది?" అంది భార్య గొంతు. "సాయంత్రం ఆయన ఇంకా దుకాణంలో ఉండగానే ఆయన గిటారే తీసి, ఈ ఇంట్లోనే ఇంకొకరి చేత వాయింపించుకుని... నాకు దొంగతనం చేస్తున్నట్టుందిరా."

"అన్ని పాటలూ కుదిరాయిగా? మొదటిసారి నువ్వు ఊపిరి తీసుకుంటూ పాడావు. నువ్వే అన్నావు."

కత్తి రెండుసార్లు టింగ్ టింగ్ అంది. దాని వెనకే భార్య గొంతు వచ్చింది. "శనివారం కోసమే ఆయన వారమంతా బతుకుతాడురా. మంగళవారం నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు."

కళ్ళజోళ్ళాయన డబ్బా దగ్గర్నుంచి లేచాడు. తన చోటు ఇంకొకడికి ఇచ్చేశారంటే కోపం వచ్చింది, కోపాన్ని భరించవచ్చు. ఇస్త్రీ చొక్కా గురించి భార్య అలా జాలిపడటం మాత్రం భరించలేకపోయాడు. గిటారు సోఫామీద పడేసి నడవాలో చరచరా నడిచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

బల్లమీద మూడు తలలూ ఒకచోట ఉన్నాయి. రెండు తలలు చటుక్కున విడిపోయాయి. మూడో తల ఉల్లిపాయ తరుగుతూనే ఉంది.

"ఎవడు వాడు?" అన్నాడు.

"ఎ... ఎవడు బావా?"

"నేను దుకాణంలో ఉండగా నా ఇంట్లో నా గిటారు వాయిస్తున్న మొనగాడు!"

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "నీకెవరు చెప్పారు?"

"డబ్బా చెప్పింది."

"డబ్బా చెప్పడమేంటి బావా? ఎండలో తిరిగొచ్చావా ఏంటి?"

"రా చూపిస్తా! ఇద్దరూ రండి!" అని వాళ్ళిద్దర్నీ ముందుగదికి లాక్కుపోయి, స్పీకరు ముందు కూర్చోబెట్టాడు. "వినండి. ఇప్పుడు వంటింట్లో చీమ తుమ్మినా ఇక్కడ వినపడుతుంది."

ముగ్గురూ డబ్బావైపే చూస్తూ కూర్చున్నారు. కత్తి చప్పుడు కూడా ఆగిపోయింది. బావమరిది పెదవి విరిచి, "ఏదీ? చీమకి జలుబు లేదేమో" అన్నాడు.

"మాట మార్చకు. పేరు చెప్పు. ఎవడు వాడు? కుర్రాడా? జుట్టు పెంచుకున్నాడా?"

"వాడు కాదండీ..." అని భార్య ఏదో అనబోయింది.

డబ్బా గొంతు సవరించుకుంది. అవును, డబ్బాయే.

"వాడూ కాదు, వీడూ కాదు అల్లుడూ. నేను" అంది.

బావమరిది సోఫామీంచి ఎగిరిపడ్డాడు. "బాబోయ్! అమ్మ!"

"అమ్మనే. ఇంకెవర్రా?" అంది డబ్బా తాపీగా. "చెప్పండర్రా చెప్పండర్రా అని ఎప్పట్నుంచో పోరుతున్నాను, మీ అక్కాతమ్ముళ్ళకి నోరు పెగల్లేదు. ఈయన ఆ పొట్టిదాన్ని తీసుకెళ్ళి మొదటి సాకెట్టులో పెట్టాడు. సరే, నేను చెప్పక్కర్లేదు, అదే చెప్తుందని ఊరుకున్నా. మిమ్మల్ని వంగమన్నది అందుకే."

కళ్ళజోళ్ళాయన డబ్బాకేసి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. జుట్టు పెంచుకున్న కుర్రాడయితే వెళ్ళి నాలుగు కడిగేసి వచ్చేవాడు. అత్తగారిని ఏం కడుగుతాడు?

"మీకు... మీకు గిటారు ఎలా వచ్చత్తయ్యా?" అన్నాడు స్పీకరుతో. జీవితంలో ఆయన అత్తగారితో అంత వినయంగా మాట్లాడింది ఇదే. అదీ చెక్కడబ్బాతో.

జవాబు రాలేదు. కేకేస్తే తప్ప ముందుగదిలో మాట వంటింటికి వెళ్ళదు కదా, డబ్బాది ఒకవైపు దారి. భార్య గట్టిగా కేకేసి అడగాల్సొచ్చింది. డబ్బా మళ్ళీ మోగింది. "బాగుచేసిన ఆంప్లిఫయరు పలుకుతోందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు వాయించాలిగా! మీ మామగారు టంకం పెట్టేవారు, నేను వాయించేదాన్ని. ఆయన చెవికి నచ్చేదాకా వాయించేదాన్ని. ఆయనేమో ఓ పట్టాన మెచ్చే మనిషి కాదు. ఇక ఈ చోద్యం చాలు. నేను ఏకాంతంగా తిట్టుకుందామన్నా ఊరంతా వినపడేట్టుంది. ఆంప్లిఫయరు ఆపుతున్నా. ఆ పొట్టిదాన్ని ఆఖరి సాకెట్టులోకి మారుస్తా, అక్కడైతే దాని చెవులు పెద్దగా పనిచెయ్యవు. చల్లారేదాకా ముగ్గురూ అక్కడే కూర్చోండి. ఎవరూ లోపలికి రావద్దు. ముఖ్యంగా అల్లుడు."

టక్. డబ్బా మూగబోయింది.

గాజు చల్లారాలి. అంతవరకూ ముగ్గురూ ముందుగదిలో ఎవరి మొహం వాళ్ళు ఎటో పెట్టుకుని కూర్చున్నారు. బావమరిది కాసేపు పైకప్పు చూసి, కాసేపు చెప్పులు చూసి, ఇక ఉండలేక, బండికి తాళం వేశానో లేదో అంటూ బయటికి వెళ్ళి గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు కళ్ళజోళ్ళాయన, నేలచూపులు చూస్తూ.

"అమ్మ వాయించడమా?"

"కాదు. నేను సరిగ్గా వాయించనని నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

ఆవిడ సోఫాలో ఆయన వైపు తిరిగింది. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయినట్టుంది.

"పెళ్ళికి ముందునుంచీ."

"మరి తెలిసి ఎందుకు చేసుకున్నావు?"

"గిటారు కోసం చేసుకోలేదు కదండీ."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"మీరు పాటకంటే ముందే వెళ్ళిపోతారు. నేను వెనకాల పరుగెత్తుకుంటూ వస్తాను. ఇన్నేళ్ళూ వచ్చాను. ఇప్పుడు ఊపిరి ఆడటం లేదండీ. చిన్నదాన్ని కాదుగా."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవారు? వాల్వు మార్చేవారు."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. ఎన్నో వందలమంది ముక్కులమీద వెంట్రుకవాసి తేడా లేకుండా కళ్ళజోడు కూర్చోబెట్టే చేతులు. అవి భార్యని ఇలా పరిగెత్తిస్తున్నాయని ఆయనకి నిజంగానే తెలీదు. సిగ్గేసింది. ఇంకాసేపు అలాగే ఉంటే ఏడ్చేసేవాడు కూడా.

"వాళ్ళావిడకి ఊపిరాడకపోతే ఏ మొగుడైనా తప్పుకుంటాడు" అన్నాడు మెల్లగా. "అత్తయ్యనే వాయించమను. నేను వైర్లు మోస్తాను."

"అలా మాట్లాడకండి. మీరు పక్కన లేకపోతే నాకు పాట రాదు."

"ఉంటే ఊపిరి రాదన్నావు."

"అదేనండీ నా బాధ!"

సరిగ్గా అప్పుడే స్పీకరు బుస్సుమని మేలుకుంది. వెంటనే అత్తగారి కేక వినపడింది. ఈసారి డబ్బాలోంచి కాదు, తిన్నగా వంటింట్లోంచే, గోడలు అదిరేలా.

"వాల్వు మార్చేశా! ఇప్పుడు నా గొంతు దాంట్లోంచి రాదు, అందుకే అరుస్తున్నా! అల్లుడూ, గిటారు అందుకో!"

కళ్ళజోళ్ళాయన అందుకున్నాడు. అలవాటుగా ఓసారి మీటాడు. గాజు గిన్నె గణగణ పోయింది. ఉన్నదున్నట్టు, మెత్తగా, శుభ్రంగా వచ్చింది శబ్దం. ఏ తప్పు చేసినా దాచిపెట్టేలా లేదు.

"ఒక్క పాట!" అంది వంటిల్లు. "మీ ఇద్దరి నిదానం పాట. నా కూతురు మొదటి వరస ఒంటరిగా పాడుతుంది. అది ముగిశాకే నీ గిటారు రావాలి. ముందుకి దూకావా, శనివారం గిటారు నాది, నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చుంటావు. ఆగగలిగావా, నేనే ఆ కుర్చీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతా. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా!" అని అరిచాడు, ఆవిడ మాట పూర్తికాకముందే.

"అదిగో! అప్పుడే దూకావు!"

గుమ్మం పక్కన బావమరిది ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. లోపలికి వచ్చి, అలవాటుగా కుర్చీ చెయ్యిమీద వేళ్ళతో తాళం అందుకోబోయాడు.

"నువ్వు తాళం వెయ్యకురోయ్! దారి చూపించకు!" అంది వంటిల్లు, వాణ్ణి చూడకుండానే. వాడు రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నాడు.

భార్య లేచి నిలబడింది. ఆ నిదానం పాట వాళ్ళు మొట్టమొదట కలిసి నేర్చుకున్నది. ఎన్నో శనివారాలు వాయించాడు దాన్ని. ఒక్కసారీ ఆవిడ ఆఖరి మాట పూర్తికానివ్వలేదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. వేళ్ళు తీగలమీద సర్దుకుని, కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. వేళ్ళకేసి చూస్తే అవి ఊరుకోవని భయమేసి, చూపు తీసి భార్య మొహంమీద పెట్టాడు.

ఆవిడ పాడటం మొదలుపెట్టింది.

చిత్రమేమిటంటే, ఆవిడ పాడుతుండగా ఆయన ఆవిడ మొహం ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ చూసేది తీగలనో, మీటలనో, ఆంప్లిఫయరు ఎర్ర దీపాన్నో. పాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేస్తుందని తెలీదు. బరువైన మాట దగ్గర మెడ పక్కకి వంచుతుందనీ తెలీదు. ఇంత బాగా పాడుతుందని కూడా, ఒట్టేసి చెప్తున్నా, ఆయనకి తెలీదు. చెయ్యి దానంతటదే దిగబోయింది. పళ్ళ బిగువున ఆపాడు. ఇంకోసారి దిగబోయింది. మళ్ళీ ఆపాడు. నుదుటిమీద చెమట పట్టింది.

బావమరిది చంకల్లో చేతులు ఇంకా గట్టిగా బిగించాడు.

ఆఖరి మాట వచ్చింది. ఆవిడ దాన్ని తుంచకుండా, తరిమేవాళ్ళు ఎవరూ లేరన్నట్టు, పొడుగ్గా, నిండుగా సాగదీసి వదిలింది. వదిలి, కళ్ళు మూసుకుని, గుండెనిండా ఊపిరి తీసుకుంది. ఆయన దాన్ని విన్నాడు. ఇన్నేళ్ళ పాటలో ఎక్కడా వినని చప్పుడు అది. ఎప్పుడూ తన గిటారే ముందు దూకి దాన్ని తొక్కేసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ కళ్ళు తెరిచి ఆయనకేసి చూసింది. ఇప్పుడిక గిటారు రావాలి.

కళ్ళజోళ్ళాయన చెయ్యి గాల్లోనే ఉంది. ఇప్పుడా? ఇంకా కాదేమో. దూకినట్టవుతుందేమో. ఇంకొక్క క్షణం ఆగితే మంచిదేమో.

బావమరిది చంకల్లోంచి చేతులు తీసి తలమీద పెట్టుకున్నాడు. వంటింట్లో కుర్చీ జరిగిన చప్పుడయింది. అత్తగారి అడుగులు నడవాలో దగ్గరవుతున్నాయి. భార్య పెదవులు కదిపి, చప్పుడు లేకుండా, 'రండి' అంది. గిటారు రావాల్సిన చోటు వచ్చింది, కళ్ళముందే దాటిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఆగిన ఆ మనిషికి, ఆగడం ఎలా ఆపాలో తెలీడం లేదు.